ఇప్పుడు పెట్రోల్ బంక్ పెట్టొచ్చా? కమలాపూర్ తమ్మునికి నా జవాబు

తమ్మీ, నీ ప్రశ్న రెండు సార్లు చదివిన. హుజూరాబాద్–పరకాల రోడ్డు మీద కమలాపూర్ దాటినంక మీకు ఎకరం చిల్లర భూమి ఉంది, బాపు రిటైర్ అయితే వచ్చిన పైసలు బ్యాంకుల ఉన్నయి, కంపెనీ డీలర్‌షిప్ లిస్టులో మీ దిక్కు లొకేషన్ పడ్డది, కానీ బ్యాటరీ బండ్లు వచ్చినంక పెట్రోల్ కొనేటోడే ఉండడని మీ బావ అంటున్నడు, ఇంకొకాయన పెట్రోల్ కాదు సీఎన్జీ పెట్టుమంటున్నడు, ఏం చెయ్యాల్నో సమజైతలేదు అని రాసినవ్. నేను హసన్‌పర్తి దాటినంక కరీంనగర్ రోడ్డు మీద 2003 నుంచి బంక్ నడుపుతున్న, అంతకు ముందు ఆరేండ్లు ట్యాంకర్ ఓనర్ కాడ గుమాస్తాగ చేసిన, అందుకే నాకు తెలిసినంత వివరంగ రాస్తున్న, జెర ఓపికతోని చదువు, బాపుని కూడ పక్కన కూసోబెట్టుకొని చదివించు ఎందుకంటే పైసలు ఆయనయి.

ముందుగాల ఒక్క మాట. బ్యాటరీ బండి నిన్ను ముంచదు. ముంచితే గింజితే నీకు మూడు కిలోమీటర్ల అవతల పడే ఇంకో బంక్ ముంచుతది, రోడ్డు మధ్యల కట్టే డివైడర్ ముంచుతది, ఓడీ అకౌంట్ (బ్యాంకుల ఉన్నదానికంటే ఎక్కువ వాడుకునే అప్పు ఖాతా) మీద వడ్డీ ముంచుతది. మీ బావ భయపడుతున్నది తప్పు దాని గురించి, అసలు భయపడాల్సినయి వేరే ఉన్నయి, అవే చెప్తా.

లెక్కతోని చూద్దాం. 2014-15ల దేశం మొత్తం వాడిన డీజిల్ సుమారు 6 కోట్ల 94 లక్షల టన్నులు, పెట్రోల్ 1 కోటి 91 లక్షల టన్నులు. 2024-25కి వచ్చేసరికి డీజిల్ 9 కోట్ల 14 లక్షలు, పెట్రోల్ 4 కోట్ల టన్నులు. అంటే పదేండ్లల పెట్రోల్ రెండింతలు దాటింది, బ్యాటరీ స్కూటర్లు ఇన్ని వచ్చినా కూడ. ఎలక్ట్రిక్ టూ వీలర్ల వాటా ఇప్పటికీ కొత్తగ అమ్మే నూరు బండ్లల ఆరు దగ్గర్నే ఉంది, ఆటోలల మాత్రం నిజంగనే సగం దాంక పోయింది. మన రాష్ట్రంల 2024 నవంబర్ 18 నుంచి 2026 డిసెంబర్ 31 దాంక ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసిన్రు గనుక హన్మకొండలో ఆఫీసులకి పోయేటోళ్లు స్కూటర్లు మస్తు కొంటున్నరు, అది నా కండ్లతోని చూస్తున్న. కానీ మా బంక్‌ల పెట్రోల్ సేల్ తగ్గలే.

ఇప్పుడు అసలు లెక్క. 2015ల దేశంల బంకులు 50 వేల చిల్లర. 2025 ఆఖరుకి లక్ష దాటినయి, అమెరికా, చైనా తర్వాత మనమే. బంకులు రెండింతలైనయి గానీ డీజిల్ రెండింతలు కాలే, మూడో వంతు కూడ సరిగ్గ పెరగలే. అంటే సగటున ఒక్కో బంక్ వాటాకి వచ్చే డీజిల్ పదేండ్ల కింద ఉన్నదాంట్ల మూడో వంతు పోయింది. పెట్రోల్ మాత్రం ఒక్కో బంక్‌కి ఎంతుండెనో అంతే ఉంది, పెరిగిందంతా కొత్త బంకులకే పోయింది. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే. 2003ల నేను బంక్ పెట్టినప్పుడు ఎల్కతుర్తి దాంక నా బంక్ గాక ఇంకొక్కటే ఉండె, ఇప్పుడు ఎన్నున్నయో నువ్వే ఒకసారి బండి మీద పోయి లెక్కపెట్టు.

కంపెనీల వైపు నుంచి చూస్తే వాళ్లకి ఇది లాభమే, ఎందుకంటే అవతలి కంపెనీ బంక్ పడకముందే తమ బోర్డు పడాలని వాళ్ల తాపత్రయం, అమ్మకం మొత్తం మీద వాళ్లకి ఎట్లయినా వస్తది. 2018ల ఒకటేసారి వేల లొకేషన్లకి యాడ్ ఇచ్చిన్రు, 2023 జూన్‌ల మళ్లీ ఇచ్చిన్రు. లాటరీల పేరు వచ్చిందని డప్పులు కొట్టించి ఊరేగినోళ్లని చూసిన, రెండేండ్లకి వాళ్లే బంక్ ఎవరికన్నా నడపనీకి ఇద్దామని నా దగ్గరికి వచ్చిన్రు.

డీలర్‌కి మిగిలేది ఎంత అంటే లీటర్‌కి ఇంత అని ఫిక్స్. ఇప్పుడు పెట్రోల్ మీద 4 రూపాయల పైచిలుకు, డీజిల్ మీద 3 రూపాయలు అనుకో. ఇది 2017ల సవరించినంక ఏడేండ్లు అట్లనే ఉంచిన్రు, 2022 మే 31న చాలా రాష్ట్రాల డీలర్లు ఒక రోజు లోడ్ (కంపెనీ నుంచి ట్యాంకర్‌ల వచ్చే మాల్) కొనకుండ నిరసన చేసిన్రు, ఆఖరుకి 2024 అక్టోబర్ 30 నుంచి పెట్రోల్ మీద 65 పైసలు, డీజిల్ మీద 44 పైసలు పెంచిన్రు. ఈ మధ్యల బంక్‌ల పనిచేసే పిల్లల జీతాలు డబల్ అయినయి, కరెంట్ బిల్లు పెరిగింది.

మీ రోడ్డు లాంటి దాని మీద ఒక మంచి బంక్ నెలకి 60 కేఎల్ డీజిల్, 30 కేఎల్ పెట్రోల్ అమ్మిందనుకో. కేఎల్ అంటే వెయ్యి లీటర్లు. డీజిల్ మీద 1 లక్షా 80 వేలు, పెట్రోల్ మీద 4 రూపాయల 20 పైసల లెక్కన 1 లక్షా 26 వేలు, మొత్తం 3 లక్షల 6 వేలు. ఇది విని మీ బాపు సంబురపడుతడు గానీ ఆగు. రెండు షిఫ్టులకి ఎనిమిది మంది పిల్లలు, 13 వేల చొప్పున 1 లక్షా 4 వేలు. మేనేజర్ 22 వేలు. కరెంట్, జనరేటర్ 28 వేలు. లోడ్లు తిప్పనీకి 40 లక్షలు ఆడాలె, దాని వడ్డీ పది శాతం లెక్కన 33 వేలు. ఆవిరైపోయేది, ట్యాంకర్‌ల షార్ట్ వచ్చేది, నాజిల్ రిపేర్లు కలిపి 25 వేలు. పోను 94 వేలు మిగులుతది. ఇప్పుడు నీ పక్కన ఇంకో బంక్ పడి నీ సేల్ సగమైంది అనుకో, వచ్చేది 1 లక్షా 53 వేలు. ఇద్దరు పిల్లలని తీసేసి, లోడ్లు తగ్గించి, ఎంత బిగించినా ఖర్చు 1 లక్షా 60 వేల కిందికి దిగదు, అంటే నెలకి చేతి నుంచి పెట్టాలె. సగం సేల్ అయితే సగం లాభం ఉంటదని అనుకుంటరు అందరు, ఈ ధంధాల అట్ల కాదు, సగం సేల్ అయితే లాభమే ఉండదు.

ఇంకో సంగతి, క్రూడ్ (ముడి చమురు) రేటు పెరిగితే డీలర్లు బాగుపడుతరని ఊళ్ల అనుకుంటరు. ఉల్టా. నాకు లీటర్‌కి వచ్చేది దాదాపు అంతే ఉంటది, లోడ్ కొననీకి పెట్టే పైసలు మాత్రం పెరుగుతయి. డీజిల్ 50 రూపాయలు ఉన్నప్పుడు 20 కేఎల్ ట్యాంకర్ 10 లక్షలకి వచ్చేది, ఇప్పుడు అదే ట్యాంకర్‌కి 19 లక్షల దగ్గర కట్టాలె, అదీ ముందుగాలనే. తగ్గినా మనకి బాగు లేదు. 2020 ఏప్రిల్ 20న అమెరికాల క్రూడ్ రేటు సున్నా కిందికి పోయింది, బ్యారెల్‌కి మైనస్ 37 డాలర్లు, టీవీలల అదే వార్త. మన బంకులల ఏమైనా తగ్గిందా? కేంద్రం మే నెలల పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచింది, తగ్గింపు అక్కడికక్కడ్నే ఆగింది.

2021 దీపావళి నాకు ఇప్పటికీ యాదికుంది. పండుగ ముందు రోజు రాత్రి, పిల్లలకి మిఠాయి డబ్బాలు పంచి ఇంటికి వచ్చి కూసున్న, ఫోన్‌ల వార్త, తెల్లారి నుంచి పెట్రోల్ మీద 5, డీజిల్ మీద 10 రూపాయల సుంకం తగ్గింపు అని. దాని మీద వ్యాట్ కూడ తగ్గుతది గనుక మన దగ్గర డీజిల్ లీటర్‌కి 12 రూపాయల 78 పైసలు, పెట్రోల్ 6 రూపాయల 29 పైసలు పడిపోయింది. వెంటనే బండి తీస్కొని బంక్‌కి పోయిన, టార్చ్ పట్టుకొని ట్యాంకులల డిప్ రాడ్ (మాల్ ఎంతుందో కొలిచే గీతల కడ్డీ) దింపి చూస్తే డీజిల్ 14 కేఎల్, పెట్రోల్ 9 కేఎల్ ఉంది, పండుగకి సెలవని ముందుగాలనే నింపి పెట్టుకున్న మాల్ అది. పాత రేటుకి కొన్నది, తెల్లారి కొత్త రేటుకి అమ్మాలె. చార్ట్ చూసి, కాగితం మీద గుణించి చూసుకున్న, 2 లక్షల 35 వేలు ఒక్క రాత్రిల పోయింది. జనానికి తగ్గింది, మంచిదే, నేను కాదన. కానీ ఆ నష్టం సర్కార్ ఇయ్యలే, కంపెనీ ఇయ్యలే. మళ్లీ 2022 మే 21 రాత్రి అట్లనే పెట్రోల్ మీద 8, డీజిల్ మీద 6. అప్పటికి నాకు బుద్ధి వచ్చింది, పండుగలు, ఎలక్షన్లు, పార్లమెంట్ సమావేశాలు దగ్గరకి వస్తే ట్యాంక్ సగం కంటే ఎక్కువ నింపను. నువ్వు బంక్ పెడితే ఇది మొదటి రోజు నుంచి పాటించు.

ప్రైవేట్ కంపెనీ బోర్డు తీస్కుంటే మార్జిన్ ఎక్కువ ఇస్తమంటున్నరు అని కూడ రాసినవ్. వాళ్ల మెషిన్లు మంచిగుంటయి, సర్వీస్ బాగుంటది, నిజమే. కానీ చరిత్ర చూసుకోవాలె. ప్రభుత్వ కంపెనీలు నష్టానికి అమ్మినప్పుడల్లా ప్రైవేట్ వాళ్ల డీలర్ ఆగమైతడు. 2008ల రిలయన్స్ తన బంకులన్ని బంద్ చేసుకుంది, ఎందుకంటే సర్కార్ కంపెనీల రేటుకి అమ్మలేక. తర్వాత 2010 జూన్‌ల పెట్రోల్ రేటు, 2014 అక్టోబర్‌ల డీజిల్ రేటు కంపెనీల చేతికి ఇచ్చిన్రు, 2017 జూన్ 16 నుంచి రోజూ రేటు మారుడు మొదలైంది, అప్పుడు ప్రైవేట్ వాళ్లు మళ్లీ వచ్చిన్రు. కానీ 2022ల రష్యా–ఉక్రెయిన్ యుద్ధం వచ్చి క్రూడ్ నూరు డాలర్లు దాటినంక కొన్ని దినాలు పెరిగి, ఏప్రిల్ నుంచి రేట్లు మళ్లీ కదలకుండ ఆగిపోయినయి, కాగితం మీద స్వేచ్ఛ ఉన్నా ఎలక్షన్లు ఉంటే రేటు కదలదు, మార్చి 2024ల ఎలక్షన్ ముందు 2 రూపాయలు తగ్గింది, గంతే.

ఆ 2022 ఎండకాలం మా బంక్‌ల ఏమైందో చెప్తా, పుస్తకాలల దొరకదు. పెద్ద మొత్తంల కొనేటోళ్లకి, అంటే ఆర్టీసీ, ఫ్యాక్టరీలు, వాళ్లకి డీజిల్ రేటు బంక్ రేటు కంటే లీటర్‌కి 25 రూపాయల దాంక ఎక్కువ చేసిన్రు. ఇగ ఆర్టీసీ వాళ్లు డిపోల పోసుకునుడు ఆపి బంకుల దిక్కు తిరిగిన్రు. పొద్దుగాల ఐదు గంటలకి మా బంక్ ముంగట ఎర్ర బస్సులు, ఎక్స్‌ప్రెస్‌లు లైన్ కట్టినయి, ఒక్కో బస్సు నూటయాభై, రెండు నూర్ల లీటర్లు, వెనక ట్రాక్టర్లోళ్లు హారన్లు కొడుతుండ్రు. సేల్ రెండింతలైందని మొదటి వారం సంబురపడ్డ. రెండో వారం నుంచి కంపెనీ లోడ్లు కత్తిరించుడు షురూ చేసింది, ఎందుకంటే నేను అమ్మే ప్రతి లీటర్ మీద వాళ్లకి నష్టం. పైసలు కట్టి రెండు దినాలు ట్యాంకర్ కోసం చూసుడు, యాసంగి కోతల టైంల హార్వెస్టర్ డ్రైవర్ డ్రమ్ములు పట్టుకొని వస్తే నో స్టాక్ బోర్డు పెట్టుడు, ఇరవై ఏండ్ల నుంచి నన్ను నమ్ముకున్న రైతు మొఖం చూడలేకపోయిన. ఒక ముసలాయన, వడ్లు కోసి కల్లంల పోసిండు, మబ్బు పట్టింది, ట్రాక్టర్‌ల డీజిల్ లేదు, నా స్కూటర్ డిక్కీల ఉన్న ఐదు లీటర్ల క్యాన్ ఇచ్చి పంపిన. అదే ప్రభుత్వ కంపెనీలకి 2023-24ల మూడింటికి కలిపి 80 వేల కోట్ల పైన లాభం వచ్చింది, ఎక్కడిదంటే రేట్లు తగ్గించకుండ, రష్యా నుంచి సస్తగ క్రూడ్ తెచ్చుకొని. యుద్ధానికి ముందు రష్యా నుంచి మనకి వచ్చేది నూటికి రెండు కూడ లేకుండె, ఆ తర్వాత మూడో వంతు దాటింది. వాళ్ల నష్టం వచ్చినప్పుడు మనకి లోడ్ బంద్, వాళ్ల లాభం వచ్చినప్పుడు మనకి 44 పైసలు. ఇది నా కోపం, దాచుకోను.

ఇగ మన ఏరియాల డీజిల్ ఎవరు కొంటరు అన్నది చూడు, అక్కడ్నే నీ జవాబు ఉంది. కార్లోళ్లు కాదు, 2020 ఏప్రిల్‌ల బీఎస్ 6 (బండ్ల పొగ మీద కొత్త నిబంధన) వచ్చినంక డీజిల్ కార్లు చానా తగ్గినయి. బోర్లకి డీజిల్ ఇంజన్లు ఎప్పుడో పోయినయి, 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ వచ్చినంక మూలకి పడ్డయి. ఆర్టీసీ మెల్లగ బ్యాటరీ దిక్కు పోతున్నది, కరీంనగర్, నిజామాబాద్ డిపోలకి 2024ల్నే జేబీఎం కంపెనీ బ్యాటరీ బస్సులు దిగినయి. మిగిలింది ట్రాక్టర్, హార్వెస్టర్, వడ్ల లారీలు, జేసీబీ, గ్రానైట్ బండ్లు, భూపాలపల్లి దిక్కు బొగ్గు లారీలు. వీటికి బ్యాటరీ వచ్చేది నీ జీవితంల సగం అయినంకనే. హార్వెస్టర్ రోజుకి నూరు లీటర్ల దాంక తాగుతది, కోతలు ఏప్రిల్, మే నెలలల ఒకసారి, అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాంక ఒకసారి. ఈ ఐదు నెలలల నీకు సంవత్సరం సంపాదన రావాలె. కమలాపూర్ చుట్టూ కాలువ నీళ్లు, వరి, మక్కలు ఉన్నయి గనుక నీ జాగ ఆ లెక్కన చెడ్డది కాదు. కానీ ఉద్దెర అడుగుతరు, తమ్మీ. వడ్లు అమ్మినంక ఇస్తమంటరు, వడ్ల పైసలు ఖాతాల పడేసరికి ఆలస్యమైతది, నువ్వు మాత్రం కంపెనీకి లోడ్ రాకముందే కట్టాలె. ఉద్దెర ఇయ్యకుంటే అవతలి బంక్‌కి పోతరు, ఇస్తే నీ వడ్డీ నడుస్తది. నేను హార్వెస్టర్ ఓనర్లకి మాత్రమే ఇస్త, అదీ ఇద్దరి జామీనుతోని, 15 దినాలు దాటనియ్య.

పైకి పోతే బోర్డర్ ముచ్చట ఒకటుంది. మన దగ్గర వ్యాట్ పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. మహారాష్ట్రల డీజిల్ మన కంటే నాలుగైదు రూపాయలు తక్కువ, అందుకే ఆదిలాబాద్ మీదికెల్లి వచ్చే లారీలు ఫుల్ ట్యాంక్ కొట్టించుకునే మన దిక్కు దిగుతయి. నీది లోపలి రోడ్డు, నీకు అంత దెబ్బ లేదు, కానీ పెద్ద లారీల మీద ఆశ పెట్టుకోకు.

రోడ్డు గురించి జెర గట్టిగ చెప్తున్న. మా వరంగల్–కరీంనగర్ రోడ్డు ఫోర్ లేన్ పని నడుస్తున్నది. అందరు నీకు మంచిదే కదా అంటరు. మధ్యల డివైడర్ పడితే అటు పక్క పోయే బండి ఇటు పక్కకి తిరిగి రాదు, కిలోమీటర్ అవతల యూ టర్న్ తీస్కొని డీజిల్ కోసం ఎవడొస్తడు? బైపాస్ పడితే ఇంకా ఘోరం, నా దోస్తు ఒకాయన బంక్ ఊరి లోపలికి పడిపోయింది, మూడు నెలలల అమ్మకం సగానికి దిగింది. ఇప్పుడు మంచిర్యాల నుంచి వరంగల్, ఖమ్మం మీదుగ విజయవాడ దాంక గ్రీన్‌ఫీల్డ్ హైవే వస్తున్నది, 163జీ నంబర్ అది. దాని మీదికి ఎక్కడంటే అక్కడ ఎక్కనీకి రాదు, పక్కపొంట బంకులు పెట్టనీకి రాదు, వాళ్లు చూపించిన జాగలల్నే బంక్, హోటల్ ఉంటయి. ఇప్పుడు పరకాల మీదికెల్లి పోయే బండ్లల ఎన్ని దాని మీదికి మళ్లుతయో ఎవరికి వాళ్లు అంచనా కట్టుకోవాలె. నువ్వు అప్లికేషన్ పెట్టే ముందు హన్మకొండల ఆర్ అండ్ బీ ఆఫీసుకి పోయి మీ రోడ్డుకి విస్తరణ గానీ బైపాస్ గానీ ఉందా అని అడిగి, మ్యాప్ కండ్ల చూసి రా. దీనికి ఒక పూట పడుతది, ముప్పై ఏండ్ల కష్టం తప్పుతది.

పెట్రోల్‌ల కలిపే ఇథనాల్ గురించి నువ్వు అడగలే గానీ చెప్పక తప్పదు, ఎందుకంటే బంక్ నడిపేటోడికి రోజువారి తిప్పలు దాంతోనే. 2022ల పెట్రోల్‌ల 10 శాతం కలుపుడు అయిపోయింది, 2030కి అనుకున్న 20 శాతం 2025ల్నే చేరుకున్నం. ఇథనాల్‌కి నీళ్లంటే ప్రాణం. పాత పెట్రోల్‌ల నీళ్లు పడితే అడుగున ఉండేది, పేస్ట్ పూసి రాడ్ దింపితే రంగు మారి తెలిసిపోయేది, తోడి పారేస్తే సాలు. ఇప్పుడు నీళ్లు పడితే ఇథనాల్ పెట్రోల్‌ని వదిలి నీళ్లతోని కలిసి అడుక్కి దిగుతది, బిందెడు నీళ్లు పడితే అంతకు ఎన్నో ఇంతల గలీజ్ అడుగున తయారైతది, పాత పేస్ట్‌తోని తెల్వది, ఇథనాల్‌కి వేరే పేస్ట్ ఉంటది.

2023 జూలై, మోరంచపల్లి మునిగిన వారం. మూడు దినాల నుంచి ఆగకుండ వాన. రాత్రి పదిన్నరకి మా పిలగాడు ఫోన్ చేసిండు, అన్నా పోయించుకున్న బండ్లు బస్టాప్ దాటకముందే ఆగిపోతున్నయి, నూకుకుంట వాపస్ వస్తున్నరు అని. పోయి చూస్తే మ్యాన్‌హోల్ మూత రబ్బరు పగిలి ఉంది, నీళ్లు మెల్లగ దిగినయి. గాజు జార్‌ల శాంపిల్ పట్టి లైట్ కింద పెట్టిన, పైన పెట్రోల్ రంగు, కింద వేలెడు మందం వేరే రంగు, మధ్యల గీత గీసినట్టు ఉంది. పదిహేడు బండ్లు. రాత్రికి రాత్రి ఇద్దరు మెకానిక్‌లని లేపుకొచ్చి ట్యాంకులు దింపించి, కార్బొరేటర్లు కడిగించి, వేరే బంక్ నుంచి పెట్రోల్ తెప్పించి పోసి పంపిన, ఒక్కలని కూడ పైసా అడగలే. ట్యాంక్ మొత్తం తోడించనీకి నాలుగు దినాలు బంద్. తప్పు నాదే, మూత నేను చూసుకోవాలె. కానీ అదే నీళ్లు పదిహేనేండ్ల కింద పడితే గంటల పని అయిపోయేది. నువ్వు కడితే ట్యాంక్ ప్లాట్‌ఫారం రోడ్డు కంటే అడుగున్నర ఎత్తు పెట్టించు, మ్యాన్‌హోల్ రబ్బర్లు ప్రతి మే నెల మార్చు, కంపెనీ ఇంజనీర్ అవసరం లేదన్నా వినకు.

మైలేజ్ తగ్గిందని గల్ల పట్టేటోళ్లు కూడ మనల్నే పడుతరు. ఇథనాల్ లీటర్‌ల పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటది, పాత బండ్లకి నూటికి మూడు నుంచి ఆరేడు దాంక మైలేజ్ తగ్గొచ్చని నీతి ఆయోగ్ కాగితంల్నే ఉంది. రేటు ఎందుకు తగ్గలే అంటే మక్కలతోని చేసిన ఇథనాల్‌కి కంపెనీలు లీటర్‌కి 71 రూపాయల 86 పైసలు ఇస్తున్నయి, అది రిఫైనరీ నుంచి వచ్చే పెట్రోల్ అసలు ధర కంటే ఎక్కువనే. ఆ పైసల ఆశ మక్కల రైతుకి కూడ తగలాలె గదా, నాకు దాంట్ల సంతోషమే, ఎనుమాముల మార్కెట్‌కి మక్కలు తెచ్చే రైతుల్నే నా గిరాకీ. కానీ ఫ్యాక్టరీ తమ ఊరి పక్కన వద్దని నిర్మల్ దిక్కు దిలావర్‌పూర్ల 2024 నవంబర్‌ల ఆడోళ్లు, పిల్లలు రోడ్డు మీద కూసుంటే పనులు ఆపాల్సి వచ్చింది. నీళ్లు, వాసన, వాళ్ల భయం ఉత్తది కాదు.

సీఎన్జీ సంగతి. వరంగల్ దిక్కు సిటీ గ్యాస్ లైసెన్స్ మేఘా కంపెనీ వాళ్లది, వేరే ఎవరు పడితే వాళ్లు పెట్టనీకి రాదు. లైన్ లేని జాగలకి సిలిండర్ల లారీల గ్యాస్ తెస్తరు, లారీ నిండుగ ఉన్నప్పుడు ప్రెషర్ మంచిగుంటది, మధ్యాహ్నానికి తగ్గుతది, ఆటోలోళ్లు లైన్‌ల నిలబడి తిట్టుకుంటరు. పైగ మన దగ్గర 2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకి బస్సు ఉచితమైనంక ఆటోలోళ్ల గిరాకీ బాగ పడింది, కొత్త సీఎన్జీ ఆటో కొనే ధైర్యం చేసేటోళ్లు తగ్గిన్రు. హన్మకొండలో నడుస్తది, కమలాపూర్ల ఇప్పుడు తొందరపడకు. కానీ గ్యాస్ మన దిక్కుకి వచ్చేది ఖాయం, రామగుండమే సాక్ష్యం. పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతోని నడవలేక 1999ల మూతపడ్డది, అదే జాగల కొత్తది 2021 మార్చిల గ్యాస్‌తోని మొదలైంది, కోస్తాల మల్లవరం నుంచి పైప్‌లైన్ వేసి తెచ్చిన్రు, ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా కెపాసిటీ. బొగ్గు మీద కూసున్న ఊరికి సముద్రం దిక్కు నుంచి గ్యాస్ వచ్చిందంటే ధంధా ఎటు పోతున్నదో చూడు. అందుకని బంక్ కడితే వెనక పది పన్నెండు గుంటలు ఖాళీ ఉంచు, రేపు గ్యాస్ డిస్పెన్సర్ గానీ చార్జర్లు గానీ పెట్టుకోవచ్చు. మూడు ప్రభుత్వ కంపెనీలకి కలిపి 7,432 చార్జింగ్ స్టేషన్లు పెట్టనీకి కేంద్రం 800 కోట్లు మంజూరు చేసింది 2023ల, అవి పెద్ద రోడ్ల బంకులకే ముందు వస్తయి.

మరి పెట్టాల్నా వద్దా? నా మాట ఇది. భూమి మీదే గనుక, కిరాయి లేదు గనుక, వేరే అప్పు లేకుండ పని అయితదంటేనే అప్లై చెయ్యి. బాపు పైసలు మొత్తం పెట్టకు, సగం పక్కన పెట్టుకో, లేకుంటే మొదటి రేటు తగ్గింపుకే ఊపిరాడదు. భూమి అమ్మి గానీ, అమ్మ బంగారం పెట్టి గానీ అయితే వద్దే వద్దు. అప్లికేషన్ కంపెనీల సొంత పోర్టల్‌ల మాత్రమే పెట్టు, ఫోన్ చేసి డీలర్‌షిప్ ఇప్పిస్తం, రిజిస్ట్రేషన్ కింద ఇంత కట్టుమనేటోళ్లు దొంగలు, కరీంనగర్ దిక్కు ఒక రిటైర్డ్ సారు అట్ల నాలుగు లక్షలు పోగొట్టుకొని నా దగ్గర ఏడ్చిండు. బడి, దవాఖాన, ఇండ్లు యాభై మీటర్ల లోపల ఉన్నయేమో టేప్ పెట్టి కొలువు, 2020 నుంచి ఆ నిబంధన ఉంది, తర్వాత ఎవరన్నా కేసు వేస్తే కట్టినంక ఆపుతరు.

ఇంకా తేల్చుకోలేకపోతే ఈ పని చెయ్యి. కోతలు లేని టైంల ఒక రోజు, మీ అంగడి రోజు ఒకటి, కోతలల ఒక రోజు, పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాంక మీ భూమి ముంగట కుర్చీ వేసుకొని కూసో. రెండు వైపుల పోయే బండ్లు వేరువేరుగ రాసుకో, టూ వీలర్, ఆటో, కారు, ట్రాక్టర్, డీసీఎం, లారీ, హార్వెస్టర్. పక్కన ఇంకో కాలమ్ పెట్టి ఐదు కిలోమీటర్ల లోపల ఎన్ని బంకులు ఉన్నయో, ఎన్ని కొత్తయి లిస్టుల పడ్డయో రాయి. ట్రాక్టర్లు, డీసీఎంలు, లారీలు కలిపి రోజుకి ఎన్ని పోతున్నయో ఆ కాగితం ఫొటో తీసి నాకు పంపు, ఎన్ని కేఎల్ ఆడుతదో నేను లెక్క కట్టి చెప్తా. బాపుని తీస్కొని ఒకసారి బంక్‌కి రా, డిప్ రాడ్ పట్టుడు, డెన్సిటీ చూసుడు, ట్యాంకర్ దింపుకునుడు దగ్గరుండి చూపిస్త, పొద్దుగాల ఆరు గంటల లోపల వస్తే లోడ్ దిగేది చూడొచ్చు.